జపాన్‌లో ఏ ఊరి వంట ఆ ఊళ్ళో తినాలంటే: ప్లానింగ్ నుంచి బిల్లు దాకా

జపాన్ వెళ్ళొచ్చినవాళ్ళలో చాలామంది టోక్యో, క్యోటో, ఒసాకా తిరిగి, మూడు చోట్లా రామెన్, సుషీలే తిని వస్తారు. రెండోసారి వెళ్ళేటప్పుడు అడుగుతారు: అక్కడి ఊళ్ళ వంట ఎక్కడ దొరుకుతుంది, ఎలా వెతకాలి, భాష రాకపోతే ఎలా ఆర్డర్ చెయ్యాలి, మా ఇంట్లో బీఫ్ తినం, అమ్మ పూర్తి శాకాహారి, ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నలకు వరసగా జవాబులు ఇవి.

జపాన్‌లో ప్రాంతీయ వంటకం దొరకాలంటే ఊరు, కాలం, గంట మూడూ కుదరాలి. ఊరు సరిగ్గా ఎంచుకుని మధ్యాహ్నం మూడింటికి వెళ్తే షాపు మూసి ఉంటుంది. గంట కుదిరినా కాలం తప్పితే మెనూలో ఆ పేజీయే ఉండదు. అందుకే ఈ పనిలో సగం వెళ్ళేముందే, ఇంట్లో కూర్చుని చెయ్యాలి.

1. ముందు ప్రాంతం, ఆ తర్వాతే వంటకాల లిస్టు

చాలామంది ఇది తిరగేసి చేస్తారు. ఇంటర్నెట్‌లో చూసిన ఇరవై వంటకాల లిస్టు రాసుకుని, వాటి వెంట దేశమంతా పరుగెడతారు. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు (మన రాష్ట్రాల్లాంటి పరిపాలనా విభాగాలు) ఉన్నాయి, ఒక్కో దానిలో కూడా కొండ వైపు వంట వేరు, సముద్రం వైపు వంట వేరు. ఒక ట్రిప్పుకి ఒక ప్రాంతం చాలు.

ప్రాంతం ఎంచుకోవడానికి మీరు ఏం తింటారన్నదే కొలత:

- చేప, పీత ఇష్టమైతే: హొక్కయిదో, లేదా జపాన్ సముద్రం వైపున్న కనజావా, తొయామా.
- నూడుల్స్ ఇష్టమైతే: ఉడోన్‌కి (లావు గోధుమ నూడుల్స్) కగావా, సోబాకి (బక్‌వీట్ పిండి నూడుల్స్) నగానో. మొరియోకా అయితే ఒక్క ఊళ్ళోనే మూడు రకాలు: వాంకో సోబా, చల్లటి రేమెన్, జాజామెన్.
- కోడికూర ఇష్టమైతే: మియజాకి చికెన్ నంబాన్, ఓయిత తోరితెన్, నగోయా తెబసాకి.
- శాకాహారులైతే: కోయాసాన్, క్యోటో, నగానో. కోయాసాన్, నగానో తిండి గురించి 6వ భాగంలో ఉంది.

ప్రతి ఊళ్ళో కనీసం రెండు రాత్రులు పెట్టుకోండి. మీరు అనుకున్న షాపు ఆ రోజు సెలవైతే రెండో రోజు చేతిలో ఉంటుంది. రోజుకో ఊరు మారేవాళ్ళు చివరికి స్టేషన్ పక్కన చైన్ హోటల్లోనే తింటారు.

ప్రాంతం తేలాక వంటకాల లిస్టు ఐదారుకి మించకూడదు. అందులో ఒకటి రెండు, పొరుగు ఊళ్ళోనూ వేరేలా చేసే వంటకాలై ఉంటే బాగుంటుంది. ఎహిమేలో తాయ్‌మేషి అలాంటిదే. మత్సుయామాలో తాయ్ చేపను బియ్యంతో కలిపి వండుతారు. అదే ప్రిఫెక్చర్‌లోని ఉవజిమాలో మాత్రం పచ్చి చేప ముక్కల్ని పచ్చి గుడ్డు, సోయా సాస్, నువ్వులు కలిపిన రసంలో ముంచి వేడి అన్నం మీద పోసుకుంటారు. పేరొక్కటే, తిండి పూర్తిగా వేరు.

యమగతాలో ఇమోని అనే చామదుంపల పులుసుదీ ఇదే కథ. లోపలి ప్రాంతంలో బీఫ్, సోయా సాస్ వేస్తారు. షోనాయ్ తీరం వైపు పంది మాంసం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) వేస్తారు. ఏది తినొచ్చో, ఏది తినకూడదో చూసుకునేవాళ్ళకి ఈ తేడా ముందే తెలిసి ఉండటం అవసరం.

2. కాలం, వారం, గంట: మూడూ క్యాలెండర్‌లో గుర్తు పెట్టండి

*కాలం.* జపాన్ సముద్ర తీరంలో మంచు పీతల వేట నవంబర్ 6న మొదలై మార్చి 20 దాకా సాగుతుంది. ఆడ పీతలకైతే డిసెంబర్ చివరికే ముగుస్తుంది. తొయామా మిణుగురు స్క్విడ్ వసంతంలో దొరుకుతుంది. హిరోషిమా ఆల్చిప్పలకి చలికాలం మంచిది. కోచి కత్సువో చేపకి రెండు సీజన్లు: వసంతంలో వచ్చేది పలచగా, శరదృతువులో తిరిగి వచ్చేది కొవ్వు పట్టి ఉంటుంది. నా ఓటు శరదృతువుకే. ఇమోని సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో నది ఒడ్డున వండుకునే వంట, ఆగస్టులో అడిగితే పెదవి విరుస్తారు.

*వారం.* చిన్న షాపులన్నిటికీ వారపు సెలవు ఉంటుంది, ఒక్కో షాపుది ఒక్కో రోజు. చేపల మార్కెట్లలో చాలాచోట్ల ఆదివారం, కొన్నిసార్లు బుధవారం కూడా సెలవు. అదే సమయంలో కొన్ని బజార్లు ఆదివారమే ఉంటాయి. సంవత్సరాదికి డిసెంబర్ చివరి నుంచి జనవరి 3 దాకా, ఆగస్టు మధ్యలో ఓబోన్ అనే పెద్దల పండుగ రోజుల్లో కుటుంబాలు నడిపే షాపులు తరచూ మూసేస్తారు.

*గంట.* మధ్యాహ్న భోజనం 11:30 నుంచి 2 దాకా, రాత్రిది 5:30 తర్వాత. ఈ రెండింటి మధ్య వంటిల్లు మూసి ఉంటుంది. మూసే వేళకి అరగంట ముందే లాస్ట్ ఆర్డర్ అయిపోతుంది. మన అలవాటు ప్రకారం రాత్రి తొమ్మిదిన్నరకి భోజనానికి బయల్దేరితే చిన్న ఊళ్ళలో పస్తే.

కొన్ని తిండ్లకి పొద్దున్నే టైమ్. ఫుకుషిమాలోని కితకతాలో పొద్దున ఏడింటికే రామెన్ తింటారు. నగోయా కాఫీ షాపుల్లో పదకొండు లోపు కాఫీ అడిగితే చాలాచోట్ల టోస్ట్, ఉడికించిన గుడ్డు ఉచితంగా వస్తాయి. ఫుకువోకా యతాయ్ బళ్ళు మాత్రం చీకటి పడ్డాకే తెరుస్తారు, గట్టి వాన వస్తే అసలు పెట్టరు.

3. వెళ్ళేముందు సిద్ధం చేసుకోవాల్సినవి

ఫోన్‌లో:

- కెమెరాతో అనువాదం చేసే యాప్, జపనీస్ భాషను ఆఫ్‌లైన్‌కి డౌన్‌లోడ్ చేసి. గోడ మీద చేత్తో రాసిన మెనూలను అది తప్పుగా చదువుతుంది, అయినా ఏ మాంసమో తెలుస్తుంది.
- మ్యాప్‌లో మీ ఐదారు వంటకాలకి ఒక్కోదానికి రెండేసి షాపులు. మొదటిది మూసి ఉంటే రెండోది.
- ఒక్కో షాపు పక్కన దాని సెలవు రోజు, మూసే గంట నోట్ చెయ్యండి.
- వంటకాల ఫొటోలు, జపనీస్ అక్షరాల్లో వాటి పేర్లు. ఫొటో చూపిస్తే చాలాసార్లు మాట అవసరం పడదు.

జేబులో:

- నగదు. పల్లె షాపులు, బజారు బళ్ళు, పాత టికెట్ మెషీన్లు చాలావరకు కార్డు తీసుకోవు. వెయ్యి యెన్ నోట్లు, చిల్లర ఎక్కువ ఉంచుకోండి. పాత మెషీన్లు పెద్ద నోట్లు మింగవు.
- చెయ్యి తుడుచుకోవడానికి చిన్న టవల్, చెత్త వేసుకోవడానికి కవర్. రోడ్ల మీద చెత్తబుట్టలు అరుదు.
- ఆహార నియమాల కార్డు, జపనీస్‌లో ప్రింట్ తీసి.

ఈ కార్డు విషయంలో కొంచెం ఆలోచించాలి. "నేను వెజిటేరియన్" అని రాసుకుంటే పని జరగదు. మాంసం ముక్కలు తీసేసి, చేప రసంలో ఉడికించిన కూర తెచ్చి పెడతారు, వాళ్ళ లెక్కలో అది మంచి మర్యాదే. ఏమేం తినరో పేరుపేరునా రాయాలి: గొడ్డుమాంసం, పంది మాంసం, కోడి, చేప, రొయ్య, చేపతో కాచిన దాషి (వంటల్లో వాడే రసం), గుడ్డు. వీటిలో మీకు వర్తించేవి ఉంచి మిగతావి కొట్టేయండి. ఏం తింటారో కూడా కింద ఒక లైను రాయండి, వంటవాళ్ళకి అది చూస్తే దారి దొరుకుతుంది. బక్‌వీట్, వేరుశనగ, రొయ్య లాంటి అలర్జీ ఉంటే కార్డులో విడిగా, పైన రాయాలి. ప్యాకెట్ తిండి మీద అలర్జీ వివరాలు రాయడం తప్పనిసరి కానీ హోటల్ మెనూకి ఆ నియమం లేదు, అడిగి తీరాలి.

బడ్జెట్‌కి సుమారు లెక్కలు: కగావాలో మామూలు ఉడోన్ గిన్నె 500 యెన్ లోపే, రామెన్ 800 నుంచి 1,200, మధ్యాహ్నం సెట్ భోజనం 1,000 నుంచి 1,500, ఇజకాయలో (మందు, చిన్న చిన్న ప్లేట్ల తిండి దొరికే షాపు) రాత్రి ఒక్కరికి 3,000 నుంచి 5,000. టిప్ ఇవ్వకూడదు, ఇస్తే వెనక నుంచి పరుగెత్తుకొచ్చి తిరిగిస్తారు. కూర్చుని తింటే 10 శాతం పన్ను, ప్యాక్ చేయించుకుంటే 8 శాతం.

4. షాపు వెతకడం

జపనీయులు వాడే తబెలోగ్ సైట్‌లో మార్కులు చాలా పిసినారిగా వేస్తారు. అక్కడ 3.5 వస్తే గట్టి షాపు. 3.2 చూసి పారిపోకండి, పల్లెలో అది చక్కటి భోజనం కావచ్చు. గూగుల్ మ్యాప్స్‌లో 4 దాటినవి బోలెడు కనిపిస్తాయి, అక్కడ అంకె కన్నా ఫొటోలు చూడండి. మెనూ ఫొటోలో ఇంగ్లిష్ ఎంత ఎక్కువ ఉంటే ధర అంత ఎక్కువ, ప్రాంతపు వంట అంత తక్కువ అని నా అనుభవం. ప్రతిసారీ నిజం కాదనుకోండి.

జపాన్ వ్యవసాయ శాఖ ప్రిఫెక్చర్ల వారీగా ఇంటి వంటకాల వెబ్‌సైట్ నడుపుతోంది. 2007లో ఆ శాఖ ఎంపిక చేయించిన పల్లె వంటకాల జాబితా కూడా ఉంది, అందులో 99 వంటకాలున్నాయి. ఏ ప్రిఫెక్చర్‌కి ఏది సొంతమో తేల్చుకోవడానికి ఇవి యూట్యూబ్ వీడియోల కన్నా నమ్మదగినవి.

ఊళ్ళో దిగాక చూడాల్సిన చోట్లు:

- స్టేషన్. ఏకిబెన్ అంటే స్టేషన్లో అమ్మే ప్రాంతీయ భోజనం డబ్బా. తొయామా మసుజుషీ, గున్మాలోని యోకొకావాలో మట్టికుండలో ఇచ్చే కమమేషి పేరున్నవి. సాయంత్రానికి మంచివి అయిపోతాయి, పొద్దునే కొనండి.
- డిపార్ట్‌మెంట్ స్టోర్ల నేలమాళిగ. ఆ ప్రాంతపు ఊరగాయలు, మిఠాయిలు, కూరలు అన్నీ ఒకే చోట ఉంటాయి. మూసే ముందు కొన్నిటి మీద ధర తగ్గిస్తారు.
- మిచి నో ఏకి. హైవేల పక్కన ఉండే ఈ విశ్రాంతి కేంద్రాలు దేశంలో 1,200 పైగా ఉన్నాయి. రైతులు తెచ్చిన కూరగాయలు, పక్కనే క్యాంటీన్. కారుంటే వీటిని వదలొద్దు.
- పొద్దుటి బజారు. తకయామాలో రెండు, హకొదాతేలో ఒకటి రోజూ జరుగుతాయి. అవొమోరి ఊళ్ళో ఫురుకావా మార్కెట్లో టికెట్లు కొనుక్కుని, షాపు షాపుకి తిరిగి మీ అన్నం గిన్నె మీద మీకు నచ్చిన చేప ముక్కలు పెట్టించుకోవచ్చు. భాష రానివాళ్ళకి ఇంతకన్నా తేలిక లేదు.
- టోక్యోలోనే ఉండిపోతే: యురాకుచో, గింజా, నిహోంబాషి చుట్టుపక్కల ప్రిఫెక్చర్ల సొంత షాపులున్నాయి, ఆంటెన్నా షాప్ అంటారు. ఏ ప్రాంతానికి వెళ్ళాలో తేలనివాళ్ళు అక్కడ ఒక పూట తిరిగి రుచి చూసి నిర్ణయించుకోవచ్చు.

ఇంకొక మార్గం, మీరు దిగిన చిన్న హోటల్లో అడగడం. "మంచి హోటల్ ఎక్కడ?" అంటే టూరిస్టుల చోటు చెప్తారు. "మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారు?" అని అడగండి. ఫోన్ మీదే బుకింగ్ తీసుకునే షాపులకి కూడా వాళ్ళచేతే ఫోన్ చేయించండి. బుక్ చేశాక వెళ్ళలేకపోతే తప్పనిసరిగా ముందే చెప్పాలి. ఎనిమిది సీట్ల షాపులో ఇద్దరు రాకపోవడం అంటే ఆ రాత్రి వ్యాపారంలో పావు వంతు పోవడం.

5. షాపులో అడుగుపెట్టాక

ముందు గుమ్మం చూడండి. గుడ్డ తెర, అంటే నోరెన్, బయట వేలాడుతుంటే తెరిచి ఉన్నట్టు. లోపల పెట్టేస్తే మూసినట్టు. లైటు వెలుగుతున్నా తెర లేకపోతే తలుపు తియ్యకండి. లోపలికెళ్ళి వేళ్ళతో ఎంతమందో చూపించి, వాళ్ళు చూపించిన చోట కూర్చోండి.

*టికెట్ మెషీన్ ఉన్న షాపు.* ముందు డబ్బు వెయ్యాలి, తర్వాత బటన్. ఎడమ వైపు పై బటన్ సాధారణంగా ఆ షాపు ముఖ్యమైన వంటకం. తోచకపోతే అదే నొక్కండి. మాంసం పట్టింపు ఉంటే వెనకవాళ్ళని ముందుకి పోనిచ్చి, పక్కన నిలబడి కెమెరాతో చదువుకోండి.

*కగావా సెల్ఫ్ ఉడోన్ షాపు.* కొత్తవాళ్ళు ఎక్కువ టెన్షన్ పడేది ఇక్కడే, ఎందుకంటే వెనక లైను కదులుతూ ఉంటుంది. వరస ఇది:

1. ట్రే తీసుకోండి.
2. కౌంటర్ దగ్గర రకం, సైజు చెప్పండి. షో అంటే ఒక ముద్ద నూడుల్స్, చూ అంటే రెండు, దాయ్ అంటే మూడు. షో చాలు, ఇంకో షాపుకి కడుపులో చోటుండాలి కదా.
3. రకాల్లో కాకే అంటే వేడి రసంలో. బుక్కాకే అంటే చిక్కటి రసం కొద్దిగా పోసింది. కమతామా అంటే ఉడికే నీళ్ళలోంచి తీసిన నూడుల్స్‌లో పచ్చి గుడ్డు కలిపింది.
4. కొన్ని చోట్ల చల్లటి నూడుల్స్ గిన్నెలో వేసి ఇచ్చేస్తారు. పక్కనున్న వేడినీళ్ళ గుంటలో జాలీ గరిటెతో మీరే కాసేపు ముంచి, నీళ్ళు వంచెయ్యాలి.
5. వరసలో టెంపురా (పిండిలో ముంచి వేయించినవి) పళ్ళెం వస్తుంది, కావలసింది తీసుకోండి.
6. డబ్బు కట్టండి. రసం చాలాచోట్ల డబ్బు కట్టాక కుళాయి తిప్పి మీరే పోసుకోవాలి.
7. ఉల్లికాడలు, అల్లం, టెంపురా పలుకులు ఉచితం. కొద్దిగా వేసుకోండి.
8. తిన్నాక గిన్నె, ట్రే తిరిగి పెట్టే చోటు ఉంటుంది. అక్కడ పెట్టి వెంటనే సీటు ఖాళీ చెయ్యండి.

పేరున్న షాపులు నూడుల్స్ అయిపోతే మూసేస్తారు, మధ్యాహ్నం రెండు దాటాక ఆశ పెట్టుకోకండి.

*ఇజకాయ.* రాత్రి పూట ప్రాంతీయ వంట బాగా దొరికేది ఇక్కడే. కూర్చోగానే అడగకుండా ఒక చిన్న గిన్నె తెస్తారు, దాన్ని ఒతోషి అంటారు. తలకి 300 నుంచి 500 యెన్ దాకా బిల్లులో పడుతుంది. మోసం చేశారని గొడవ పెట్టుకోకండి, అది కూర్చున్న చోటికి కట్టే డబ్బు. తలకో డ్రింక్ చెప్పడం మర్యాద, మందు తాగనివాళ్ళు ఊలాంగ్ టీ చెప్పొచ్చు. ఒకేసారి పది ఐటమ్స్ చెప్పకుండా రెండేసి చెప్తూ పోండి. పాత చిన్న షాపుల్లో ఇంకా సిగరెట్ పొగ ఉండొచ్చు, పిల్లలతో వెళ్తే గుమ్మం దగ్గరే చూసుకోండి.

చాలినన్ని మాటలు:

- ఒసుసుమే వా నాన్ దెసు కా: ఏది బాగుంటుందంటారు?
- కోనో హెన్ నో మేయ్‌బుత్సు వా నాన్ దెసు కా: ఈ చుట్టుపక్కల పేరున్న వంటకం ఏది?
- కొరే ఒ కుదసాయ్: ఇది ఇవ్వండి.
- గ్యూనికు వా తబెమాసెన్: గొడ్డుమాంసం తినను.
- బుతానికు వా తబెమాసెన్: పంది మాంసం తినను.
- ఒకాయికే ఒనెగాయ్ షిమాసు: బిల్లు ఇవ్వండి.
- గొచిసోసామా దెషిత: తిని లేస్తూ చెప్పేది. ఇది వింటే వంటవాళ్ళ మొహాలు వెలుగుతాయి.

అన్నంలో చాప్‌స్టిక్స్ నిలువుగా గుచ్చకండి. చాప్‌స్టిక్స్ నుంచి చాప్‌స్టిక్స్‌కి ముక్క అందించకండి. రెండూ అంత్యక్రియలతో ముడిపడినవి. నూడుల్స్ మాత్రం చప్పుడు చేస్తూ జుర్రుకోవచ్చు. క్యోటో నిషికి మార్కెట్ లాంటి చోట్ల నడుస్తూ తినొద్దని అడుగుతారు, కొన్న షాపు ముందే నిలబడి తినెయ్యండి.

6. బీఫ్, పోర్క్ తిననివాళ్ళు, శాకాహారులు

*బీఫ్ తిననివాళ్ళకి* ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఒసాకా, క్యోటో వైపు "నికు" అని ఊరికే రాస్తే మామూలుగా గొడ్డుమాంసమే. నికు ఉడోన్ అక్కడ బీఫ్ ఉడోన్. టోక్యో వైపు అదే మాట పంది మాంసానికీ వాడతారు. ఎక్కడైనా సరే, ఏ మాంసమో అడగండి. జపనీస్ కూర రైస్‌కి వాడే మసాలా ముద్దలో పశువుల కొవ్వు ఉండొచ్చు, పైన కూరగాయలే కనిపించినా సరే. సెందాయ్ ఊరంతా బోర్డులు పెట్టి గొప్పగా అమ్మే గ్యూతాన్ బీఫ్ నాలుక, తెలియక చెప్పేస్తారు.

*పోర్క్ తిననివాళ్ళకి* ఫుకువోకా రామెన్ రసమే పంది ఎముకలు కాచింది, పై ముక్కలు తీసేస్తే సరిపోదు. ఒకినావా వంటలో పంది లేని వంటకం వెతుక్కోవాలి. కాకరకాయతో చేసే గోయా చంపురులో కూడా సాధారణంగా వేస్తారు. ఒకోనొమియాకిలో (క్యాబేజీ కలిపి పెనం మీద కాల్చే అట్టు) పంది ముక్కలు వద్దంటే తీసేస్తారు, అదే పెనం మీద కాలుస్తారన్నది గుర్తుంచుకోండి.

*శాకాహారులు* బయల్దేరకముందే ఇంట్లో ఒక మాట తేల్చుకోవాలి: చేప రసం ఉన్నా ముక్క లేకపోతే తింటారా, రసం కూడా పనికిరాదా? మొదటి రకమైతే దేశమంతా తిరగొచ్చు. రెండో రకమైతే ఊళ్ళు ఏరుకోవాలి, ఎందుకంటే ఎండబెట్టిన కత్సువో చేపతోనో చిన్న నెత్తళ్ళ లాంటి చేపలతోనో కాచిన దాషి దాదాపు ప్రతి గిన్నెలోనూ ఉంటుంది. కగావా ఉడోన్‌లో నూడుల్స్ పిండి, ఉప్పు, నీళ్ళే. రసం మాత్రం చేపదే.

రెండో రకంవాళ్ళకి నేను చెప్పే దారి కోయాసాన్. వకయామా కొండల మీద ఉన్న ఈ బౌద్ధ క్షేత్రంలో 50 దాకా ఆలయాలు బస ఇస్తాయి. రాత్రి, పొద్దున షోజిన్ అనే బౌద్ధ ఆలయాల శాకాహార భోజనం పెడతారు. మాంసం, చేప, ఉల్లి, వెల్లుల్లి ఉండవు, రసం సముద్రపు నాచు, పుట్టగొడుగులతో కాస్తారు. గోమా దోఫు అనే నువ్వుల ముద్ద తప్పక తినాలి. ముందే బుక్ చెయ్యాలి, చీకటి పడే వేళకే వడ్డించేస్తారు కాబట్టి సాయంత్రం ఐదులోపు చేరాలి. ఆలస్యమైతే ఆ కొండ మీద రాత్రి వేరే భోజనం దొరకడం కష్టం.

మిగతా చోట్ల అడిగి తినదగ్గవి:

- నగానో ఓయాకి: లోపల ఆకుకూర, గుమ్మడి, వంకాయ పెట్టిన రొట్టె ముద్ద. కూరలో దాషి కలిపారేమో అడగాలి.
- గిఫు, నగానో వైపు గోహెయ్ మోచి: అన్నం ముద్దకి అక్రోటు, మిసో పూసి కాల్చింది.
- సెందాయ్ జుందా మోచి: పచ్చి సోయా గింజల తీపి ముద్దతో.
- కుమమోతో కరషి రెంకోన్: తామర దుంప బెజ్జాల్లో ఆవముద్ద, మిసో కూరి వేయించింది. ఆవకాయ తిన్న నోటికి కూడా ముక్కులోకి ఎక్కుతుంది.
- బెప్పులోని కన్నావాలో వేడినీటి ఊటల ఆవిరి మీద కూరగాయలు మీరే ఉడికించుకోవచ్చు, ఆవిరి పొయ్యి అద్దెకిస్తారు.

7. ఒక నమూనా: షికోకు దీవిలో తిండి ప్లాన్

పై మెట్లన్నీ కలిపి చూపడానికి షికోకు మంచిది. చిన్న దీవి, నాలుగు ప్రిఫెక్చర్లు, నాలుగు రకాల తిండి. అక్టోబర్ అనుకుందాం, కత్సువో బాగుండే కాలం.

ఇక్కడ ప్లాన్ వెనక నుంచి ముందుకి వెయ్యాలి. కోచిలో ఆదివారం బజారు ఉంది. 1690 నుంచి నడుస్తున్న బజారు, కోట వైపు వెళ్ళే రోడ్డు మీద దాదాపు ఒక కిలోమీటరు పొడవు. కాబట్టి శనివారం రాత్రి కోచిలో ఉండాలి. మిగతా ఊళ్ళన్నీ దాని ముందు సర్దుకుంటాయి. ఇది కుదించిన నమూనా, తకమత్సు, కోచిల్లో ఒక్కో రాత్రే ఉంది; వీలైతే అక్కడా రెండేసి పెట్టుకోండి.

*బుధ, గురువారాలు, తకమత్సు.* ఒకయామా నుంచి రైల్లో గంటలోపే. మధ్యాహ్నం చేరితే మొదటి రోజు ఉడోన్ ఆశ వదలండి. సాయంత్రం రైలెక్కి మరుగమే వెళ్ళి హోనెత్సుకి దోరి తినండి. వెల్లుల్లి, మిరియాలు బాగా పట్టించి కాల్చిన ఎముకతో ఉన్న కోడి కాలు. ఇందులో రెండు రకాలు: ఓయా అంటే ముదురు కోడి, హినా అంటే లేత కోడి. మన నాటుకోడికి, బ్రాయిలర్‌కి ఉన్న తేడా. దంతాలు గట్టిగా ఉంటే ఓయా చెప్పండి. గురువారం పొద్దున్నే ఉడోన్, పదకొండుకి ఇంకో షాపు. రెండూ షో సైజే.

*గురువారం సాయంత్రం నుంచి శనివారం మధ్యాహ్నం దాకా, మత్సుయామా.* తకమత్సు నుంచి ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటలు. ఒక పూట ఇక్కడి ఉడికించిన తాయ్‌మేషి. శుక్రవారం పొద్దున ఉవజిమా వెళ్ళి పచ్చి చేప రకం, దారిలో జకోతెన్ అనే వేయించిన చేప ముద్ద. పచ్చి గుడ్డు, పచ్చి చేప పడనివాళ్ళు ఉవజిమా వదిలేసి దోగో వేడినీటి స్నానానికి వెళ్ళొచ్చు, నష్టం లేదు.

*శనివారం సాయంత్రం, కోచి.* మత్సుయామా నుంచి బస్సు. హిరోమే మార్కెట్‌లో పొడవాటి బల్లలు, చుట్టూ కౌంటర్లు. ముందు ఒకరు సీటు పట్టుకోవాలి, మిగతావాళ్ళు తిరిగి తేవాలి. కత్సువో తాతాకి అంటే వరిగడ్డి మంట మీద పైపైన కాల్చి, లోపల పచ్చిగా ఉంచి కోసిన ముక్కలు. సాస్‌తో కాకుండా ఉప్పుతో ఇమ్మని అడగండి, పచ్చి వెల్లుల్లి ముక్క పెట్టుకుని తినండి. శనివారం రాత్రి ఆరు దాటితే సీటు దొరకడం కష్టం, ఐదింటికే చేరండి.

*ఆదివారం పొద్దున, బజారు.* ఎనిమిదిలోపు వెళ్ళండి. చిలగడదుంప టెంపురా వేడివేడిగా దొరుకుతుంది. ఇనాకా జుషీ అనే పల్లె సుషీలో చేపకి బదులు వెదురు మొలకలు, పుట్టగొడుగులు, కొన్యాకు (ఒక దుంపతో చేసే జెల్లీ లాంటి ముద్ద) పెడతారు, అన్నంలో యుజు అనే నిమ్మజాతి పండు రసం కలుపుతారు. కూరగాయల్ని దాషిలో ఉడికించి ఉండొచ్చు, ఆ పట్టింపు ఉంటే అడగండి. జనవరి 1, 2 తేదీల్లో, ఆగస్టులో యొసకోయ్ పండుగ రోజుల్లో ఈ బజారు ఉండదు.

8. తరచుగా జరిగే పొరపాట్లు, అప్పటికప్పుడు సర్దుబాట్లు

షాపు మూసి ఉంది. మ్యాప్‌లో పెట్టుకున్న రెండో షాపుకి వెళ్ళండి. అదీ మూసి ఉంటే స్టేషన్ ఏకిబెన్ లేదా డిపార్ట్‌మెంట్ స్టోర్ నేలమాళిగ. రెండింటిలోనూ ఆ ప్రాంతపు తిండే దొరుకుతుంది.

లైను చాలా పెద్దది. రోడ్డు మీద లైను చూసి నిలబడే ముందు లోపల పేర్లు రాసే కాగితం ఉందేమో చూడండి. పేరు రాయకుండా గంట నిలబడితే మీ వంతు రాదు.

ఒక పూటకి మూడు షాపులు పెట్టుకున్నారు. మూడో దాంట్లో సగం వదిలేస్తారు, అక్కడ వదిలెయ్యడం బాగోదు. పూటకి రెండు చాలు, రెండూ చిన్న సైజు. చిన్న షాపులో ఒక ప్లేటు ఇద్దరు పంచుకోవడం కూడా కుదరదు, తలకొకటి చెప్పాలి.

ఆర్డర్ చేసింది తినలేని మాంసంతో వచ్చింది. కార్డు చూపించండి. ముక్కలు తీసి తిరిగి ఇమ్మని పట్టుబట్టకండి, డబ్బు కట్టి కొత్తది చెప్పుకోవడం మంచిది. తర్వాతి షాపులో కార్డు కూర్చున్న వెంటనే ఇవ్వండి, ఆర్డర్ చెప్పాక కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళకి చప్పటి తిండి పడటం లేదు. చిన్న సీసాలో ఊరగాయ పట్టుకెళ్ళండి, కానీ హోటల్ గదిలోనే తియ్యండి. షాపులో బల్ల మీద ఉండే షిచిమి అనే కారపు పొడి, క్యూషూ దీవిలో అయితే యుజు కోషో (యుజు తొక్క, మిరపకాయల ముద్ద) అడిగి వేసుకోవచ్చు. పూటకి పూట జపనీస్ తినలేకపోతే రోజులో మధ్యాహ్నం ఒక్కటే ప్రాంతీయ వంటకి పెట్టి, రాత్రి పెరుగు, అరటిపండు, ఉప్పు అన్నం ముద్దలు కన్వీనియన్స్ స్టోర్లో కొనుక్కోండి. నాచు పెట్టిన ముద్దల్లో, ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన పుల్లటి పండు) ముద్దల్లో కూడా చేప సారం కలిపి ఉండొచ్చు, ప్యాకెట్ వెనక కెమెరాతో చదవండి.

బయల్దేరే ముందు రోజు రాత్రి చూసుకోవాల్సినవి

- రేపటి రెండు పూటలకీ షాపు, దానికి బదులు షాపు ఉన్నాయా?
- ఆ రెండిటికీ రేపు సెలవు కాదు కదా?
- లాస్ట్ ఆర్డర్‌కి గంట ముందు చేరేలా రైలు ఉందా?
- వెయ్యి యెన్ నోట్లు, చిల్లర ఉన్నాయా?
- ఆహార కార్డు అందరి జేబుల్లో ఉందా, అమ్మ బ్యాగులో కూడా?
- రద్దు చేసుకోవాల్సిన బుకింగ్ ఏదైనా మిగిలిందా?